మా అక్క పంపిన నీళ్లు

సాయంత్రం నాలుగూ నలభైకి కడప బస్సు కర్నూలు స్టాండులో ఆగింది. టాపు మీద కట్టిన సరుకుతో పాటు మా ఆఫీసు పెట్టె కూడా దించారు. చెక్కపెట్టె, లోపల గడ్డి, గడ్డిలో పన్నెండు సీసాలు. కూలీతో మోయించుకుని ఆఫీసుకు పోయి, మూత తీసి, ఒక్కొక్క సీసా మెడకు కట్టిన చీటీ చదివి పుస్తకంలో ఎక్కించాను. ఏడో చీటీ మీద మా అక్కను ఇచ్చిన ఊరి పేరు ఉంది.

అప్పుడు రాజధాని కర్నూలు. కొన్ని ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. మాది ఒక అద్దె ఇల్లు. వంటగదిని పరీక్షల గదిగా మార్చారు. ఉన్నది నలుగురం. కర్నూలు, కడప జిల్లాల్లో జనం తాగే బావుల నీళ్లు పరీక్షించి, ఏ బావిని ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండాలో ఒక పథకం తయారు చేయడం మా పని. నేను అక్కడ పరీక్షలు చేసేవాణ్ణి.

ఈ సీమలో కొన్ని బావుల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. పిల్లల పళ్ల మీద ముందు గోధుమరంగు చారలు పడతాయి. తరువాత కొందరికి కాళ్లు వంగుతాయి. పెద్దయ్యాక మెడ తిరగదు, వెన్ను బిగుసుకుపోతుంది. ఒకసారి వంగిన ఎముకను మందులతో నిలబెట్టలేరు. చేయగలిగిందల్లా వేరే నీళ్లు తాగించడమే, అదీ చిన్నప్పుడే.

పథకం మా పెద్దసారుది. మద్రాసు నుంచి వచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడు. ఇల్లూ వాకిలీ అక్కడే వదిలి, ఇక్కడ ఒక మంచం, ఒక స్టవ్వుతో ఉండేవాడు. రెండు జిల్లాల పటాన్ని గోడకు అతికించి, దాని ముందు నిలబడి మాట్లాడేవాడు.

"ఒక్క సీసా ఏమీ చెప్పదయ్యా. వాన పడితే ఒక మాట చెబుతుంది, ఎండ కాస్తే ఇంకో మాట. అదే బావి, అదే పద్ధతి, ఏడాదికి నాలుగుసార్లు. ఐదేళ్లు అలా పడితే అప్పుడు బావి సంగతి తెలుస్తుంది."

"ఐదేళ్లు ఎవరు ఆగుతారు సార్?" అన్నాను.

"ఎవరూ ఆగరు. అందుకే ముందు ఏ బావులో తేల్చాలి."

అది తేల్చడానికే ఆ పెట్టెలు. మొదటి విడతలో ప్రతి ఊరి కరణానికీ ఒక ఖాళీ సీసా, ఒక సూచనల కాగితం పంపాం. ఊరిలో ఎక్కువమంది రోజూ తాగే బావి నీళ్లు పట్టాలి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి తరువాత నింపాలి. చీటీ కట్టి బస్సులో వేయాలి. ఫ్లోరైడు ఎక్కువ ఉన్న ఊళ్లు జాబితాలోకి వస్తాయి. జాబితాలో ఉన్న బావులనే ఏడాదికి నాలుగుసార్లు చూస్తాం. వాటికి బదులు ఎక్కడ కొత్త బావి తవ్వాలో ప్రభుత్వానికి రాస్తాం. జాబితాలో లేని ఊరికి ఏమీ రాదు. సూచనల కాగితం తెలుగు నాదే. దాన్ని మూడుసార్లు తిరగరాశాను. ఎవరికైనా అర్థమయ్యేటట్టు ఉందనుకున్నాను.

మా అక్క ఊరు వేంపల్లెకు పశ్చిమంగా, రాళ్ల నేలలో ఉంది. ఆమెకు ఒక్కతే కూతురు, అప్పటికి నాలుగేళ్లది. అంతకు ముందు ఎండాకాలం పోయినప్పుడు ఆ పిల్ల పరిగెత్తడం చూసి నా మనసు కీడు శంకించింది. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. అక్కతో ఏమీ అనలేదు. ఆమే అంది.

"ముసలోళ్లు బాయి నీళ్లు మంచివి కాదంటాండారబ్బీ. పాపకు మాత్రం వేరే నీళ్లు తెచ్చిపోస్తాండా. నువ్వు ఆఫీసులో చూసి చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతా."

ఆ వేరే నీళ్లు ఎక్కడివని నేను అడగలేదు. చూసి చెబుతానన్నాను.

ఏడో సీసాను మరునాడు పరీక్షకు పెట్టాను. గాజు గొట్టంలో నీళ్లు పోసి, ఎర్రటి ద్రావణం కలిపి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. ఫ్లోరైడు ఉంటే ఎరుపు విరిగి పసుపుకు తిరుగుతుంది. కింద తెల్లకాగితం పెట్టి పైనుంచి చూసి, పక్కన పెట్టిన కొలతల గొట్టాలతో పోల్చాలి. ఆ పెట్టెలోని పన్నెండింటిలో ఐదు పసుపుకు తిరిగాయి. మా అక్క ఊరి గొట్టం ఎర్రగానే ఉంది. అనుమానంతో మళ్లీ చేశాను. మళ్లీ ఎర్రగానే ఉంది.

నాకు సంతోషమైంది. ఆ మాట దాచను. అన్నం తినబోయే ముందు అక్కకు జాబు రాశాను. మీ ఊరి బావి నీళ్లు నేనే స్వయంగా రెండుసార్లు పరీక్షించాను, ఏ దోషమూ లేదు, పాపది బలహీనత, పాలూ గుడ్లూ పెట్టండి, ముసలివాళ్ల మాటలు పట్టించుకోవద్దు. పుస్తకంలో ఆ ఊరి పేరు మీద గీత పెట్టాను. అంటే జాబితాలో లేదని.

ఏడాది దాటింది. రెండు జిల్లాల సీసాలూ వచ్చాయి. జాబితా తయారైంది. ఇక ఆ ఊళ్లకు పోయి, ఏ బావిలో, ఏ పక్క, ఎంత లోతున నీళ్లు పట్టాలో గుర్తు పెట్టుకోవాలి. వేంపల్లె వైపు ఊళ్లు నాకు ఇచ్చారు. రెండు రోజులు బావుల వెంట తిరిగి, మూడో రోజు ముందుగా కబురు పెట్టి అక్క ఇంటికి భోజనానికి పోయాను.

బావ అరుగు మీద శనక్కాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏమప్పా బామ్మర్దీ, బాయిలన్నీ తొంగి చూస్తాండావంట? ఏమన్నా పారేసుకుంటివా?"

"వెతుకుతున్నా బావా. దొరకలేదు."

"మా బాయిలో మాత్రం చూడొద్దులే. మాది మంచిదని నువ్వే రాస్తివి గదా. మీ యక్క ఆ జాబు ఊరంతా చదివి వినిపిచ్చె. మా తమ్ముడు, మా తమ్ముడు అని చెవులు తూట్లు పడె."

అక్క లోపలినుంచి కేకేసింది. "ఆయప్ప మాటలకేమిలే, కాళ్లు కడుక్కుని రా."

పాప గడప దాటి వచ్చింది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. నన్ను చూసి నవ్వింది. పళ్ల మీద చారలు. నేను ఆ పిల్లను ఎత్తుకున్నాను. కాళ్లు వేళ్లాడుతుంటే వంకర ఇంకా బాగా తెలిసింది.

కూర్చున్నాక అక్క చెంబుతో నీళ్లిచ్చింది. తాగాను. రెండు రోజులుగా ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటా బావి నీళ్లు నోట్లో పోసుకుని చూసినవాణ్ణి. అన్నీ ఉప్పు. ఈ నీళ్లలో ఉప్పు లేదు.

"ఇవి మీ ఊరి బావివేనా?"

బావ నవ్వాడు. "ఆ నీళ్లతో వండితే పప్పుడుకుతాదా? నువ్వొస్తాండావని కోడి కుయ్యకముందే మీ యక్క వంకకు పాయ. రెండు మైళ్లు."

"వంకలోనా?"

"చెలమలో అబ్బీ," అంది అక్క. ఎండిన వాగులో ఇసుక తవ్వితే ఊరే నీటి గుంట అది. "ఇంటికొచ్చినోళ్లకు ఉప్పునీళ్లు ఇస్తారా యాడన్నా? మన నాయన ఇంట్లో ఎప్పుడన్నా ఇచ్చినామా? పెండ్లయినా, చుట్టమొచ్చినా మా ఊర్లో అందరూ ఆడికే పోతారు. రోజూ పోవాలంటే అయ్యేపని గాదు. ఒక కడవ ఊరేతలికి పొద్దెక్కుతాది."

"మరి పాపకు?"

"ముందర పాపకు అవే తెస్తాంటి గదా. నువ్వు జాబు రాసినాక మానుకుంటి. బాయి నీళ్లు మంచివేనంటివి." ఆమె నా ముఖం చూసింది. "ఏమబ్బీ?"

అన్నం ముందు కూర్చుని అడిగాను. "మా ఆఫీసు సీసాలో ఏ నీళ్లు పోశారక్కా? ఎవరు పోశారు?"

"నేనే పోసినా. కరణం తెచ్చిచ్చి, మీ తమ్ముని ఆఫీసుకు పోయేదమ్మా, నువ్వే పట్టియ్యమనె. కాయితంలో రాసినట్టే మూడుతూర్లు కడిగినా. కొత్తగుడ్డతో తుడిచినా."

"ఏ నీళ్లు?"

"చెలమవి. ఇంగేమి పోస్తా? నువ్వూ, మీ పెద్దోళ్లూ చూసే సీసాలో ఆ ఉప్పునీళ్లు పోసి పంపితే మా ఊరి మర్యాదేంగావల్ల? నీ మర్యాదేంగావల్ల?"

బావ ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది. అతనికి ముందుగా అర్థమైంది. అక్కకు నేను చెప్పవలసి వచ్చింది. ఎట్లా చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. పాపకు బావి నీళ్లు ఇక ఇవ్వవద్దన్నాను. ఆమె ఏడవలేదు. నేను రాసిన జాబు ఆమె పెట్టెలో ఉంది. తీసి, మళ్లీ చదివి, మడిచి అక్కడే పెట్టింది.

"ఏడాది తాగిపిచ్చినానబ్బీ," అంది. నాతో ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం నేనే తాడు పట్టుకుని ఊరి బావిలోంచి నీళ్లు తోడి సీసాలో పట్టాను. కర్నూలులో పరీక్షకు పెట్టిన మరునాడు చూస్తే గొట్టంలో ఎరుపు అన్నది లేదు. మా జాబితాలో అన్నిటికంటే చెడ్డవనుకున్న బావులతో సమానంగా ఉంది.

గొట్టం తీసుకుపోయి పెద్దసారు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాను. అక్క ఊరిని జాబితాలో చేర్చమని అడిగాను. ఆయన గొట్టం కింద తెల్లకాగితం పెట్టి పైనుంచి చూశాడు.

"చేరుద్దాం. మిగతా ఊళ్లలో ఎవరి అక్కలున్నారో మనకు తెలుసా?"

ఆయన గొట్టాన్ని పక్కకు జరిపాడు.

"మనకు చెడ్డనీళ్లు పంపినవాళ్ల దగ్గర పంపడానికి వేరే నీళ్లు లేవన్నమాట. కాస్త మంచినీళ్లు ఎక్కడైనా దొరికేవాళ్లు వెతికి అవే పంపారు. మనం వాళ్ల పేరు కొట్టేశాం." ఆయన జాబితా తీసి ముందు పెట్టుకున్నాడు. "కరణాలకు రాయి. అందరికీ వద్దు, ఒక పదిమందికి. సీసాలో నీళ్లు ఏవో నిజం చెప్పమను. తప్పు పట్టబోమని రాయి."

జవాబులు నెల రోజుల్లో వచ్చాయి. ఒకాయన, తమరి ఆఫీసుకు పంపేవి కాబట్టి కాచి, చల్లార్చి, నాలుగు మడతల గుడ్డలో వడగట్టి పంపితిమి అని రాశాడు. ఆలూరు వైపు ఒక కరణం, ఊరి బావి నీళ్లు పచ్చగా ఉన్నందున మసీదు బావి నుంచి సాయిబుగారిని అడిగి తెప్పించామని రాశాడు. ఇంకొకాయన నీళ్లలో తులసి ఆకు వేశాడట, ప్రయాణంలో చెడిపోకుండా. అందరూ సీసాను మూడుసార్లు కడిగారు. ఎవరూ మోసం చేయలేదు. పదింటిలో రెండే ఊళ్లు రోజూ తాగే నీళ్లు పంపాయి.

పెద్దసారు ఆ జవాబులు ఒక్కొక్కటే చదివాడు. తులసి ఆకు దగ్గర నవ్వబోయి మానుకున్నాడు.

"తప్పు నాదయ్యా. ముప్పై ఏళ్లుగా నీళ్లు చూస్తున్నాను. నీళ్లు పట్టే మనిషిని చూడలేదు."

నేను మాత్రం అట్లా అనుకోలేకపోయాను. ఆయన మద్రాసువాడు. నేను ఈ నేల మీద పుట్టినవాణ్ణి. మా నాయన ఇంట్లో కూడా చుట్టాలకు వేరే కుండ ఉండేది. ఆ కుండ నీళ్లు తాగి పెరగకపోయినా, ఆ కుండ ఎందుకు ఉందో తెలిసినవాణ్ణి. సూచనల కాగితం రాస్తున్నప్పుడు నాకది తట్టలేదు. ఆ రోజుల్లో చాలా పుస్తకాలు చదివేవాణ్ణి. వాక్యం తప్పు లేకుండా ఉంటే చాలనుకునేవాణ్ణి.

పథకం మొదటినుంచి మళ్లీ రాశాం. ఈసారి కరణాలు లేరు, బస్సు పెట్టెలు లేవు. ఆఫీసు మనిషి తానే ఊరికి పోవాలి. చెప్పకుండా పోవాలి. ఇచ్చిన నీళ్లు తాగవచ్చు గానీ పట్టకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లోకి పోయి, పిల్లలు ముంచుకునే కుండ ఏదో చూసి, ఆ కుండలోంచి ఒక సీసా, ఆ కుండ నింపిన బావిలోంచి ఒక సీసా పట్టాలి. రెండిటి ఫలితమూ ఒకటైతేనే లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి తాలూకాలో ఊరివాళ్లే ఒకరు మూడు నెలలకొకసారి నీళ్లు పట్టి పంపేటట్టు నేర్పాలి. ఇది పెద్దసారు చివరన చేర్చిన మాట. దాన్ని ఎక్కడైనా ముందుగా పరీక్షించి చూద్దామన్నాడు. మా అక్క పేరు నేనే చెప్పాను.

ఆమెకు నాలుగు ఖాళీ సీసాలు పంపాను. ఊరి బావి నీళ్లే పట్టమని, సిగ్గుపడవద్దని రాశాను. మూడు నెలలకు సరిగ్గా మొదటి సీసా వచ్చింది. చీటీ మీద ఆమె అక్షరాలు. నాలుగో తరగతి వరకు చదివింది. "మా ఊరి బాయివి. పొద్దున తోడినవి. కలిపింది ఏమీ లేదు." పరీక్ష చేశాను. పసుపు.

కొత్త పథకాన్ని పైకి పంపిన కొద్దినెలలకు రాష్ట్రం పెద్దదైంది. రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు పీకారు. మా పటం గోడ నుంచి ఊడదీస్తుంటే మధ్యకు చినిగింది. పెద్దసారు అప్పటికే రిటైరయ్యే వయసువాడు. పథకం సంగతి అడుగుతూ నాలుగైదు జాబులు రాశాడు. పరిశీలనలో ఉందని ఒకదానికి జవాబు వచ్చింది. ఆయన మద్రాసు వెళ్లిపోయాడు. రెండేళ్లకు పోయాడని వాళ్లబ్బాయి కార్డు రాశాడు. నన్ను హైదరాబాదులో పట్టణం కుళాయి నీళ్లు చూసే విభాగంలో వేశారు. పథకం గురించి అక్కడ అడిగితే ఆ కాగితాలు ఏ విభాగానికి వచ్చాయో తెలిసినవాళ్లు లేరు. పాత జాబితా కూడా దొరకలేదు. అది తప్పు జాబితానే అయినా, దొరికితే అందులో ఉన్న ఊళ్లకయినా మేలు జరిగేది.

అక్క సీసాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. కర్నూలుకు బదులు హైదరాబాదుకు, బస్సుకు బదులు రైల్లో. ఎవరికీ అవసరం లేదని ఆమెకు రాయలేకపోయాను. ఆ విభాగంలో ఎర్ర ద్రావణం ఉండేది కాదు. పాత ఆఫీసు నుంచి తెచ్చుకున్న కాస్త ఉన్నన్నాళ్లు నేనే ఆదివారాలు పోయి పరీక్ష చేసి, సొంత నోటుబుక్కులో రాసుకున్నాను. ఎప్పుడూ ఒకటే రంగు. ద్రావణం అయిపోయాక సీసా తెరిచి, వాసన చూసి, పారబోసేవాణ్ణి. ఖాళీ సీసా తిరిగి పంపేవాణ్ణి. అది అందగానే ఆమె మళ్లీ నింపేది.

అక్క రోజూ చెలమకు పోతోందని బావ రాసేవాడు. ఒక్క కడవ, పాపకు మాత్రమే. తనూ బావా బావి నీళ్లే. పాప కాళ్లు ఇంకా వంగడం ఆగింది. వంగినవి నిలబడలేదు. బడికి బావ ఎత్తుకుని పోయేవాడు, బరువెక్కాక మానిపించాడు. అక్కకు మెడ పట్టేయడం మొదలైంది. కడవ తలమీద పెట్టుకోలేక చంకన పెట్టుకునేది.

ఒక సీసాతో పాటు చీటీ కాక జాబు కూడా వచ్చింది. మామూలు యోగక్షేమాల తరువాత ఇట్లా ఉంది: "ఇంకా ఎన్ని సీసాలు పంపితే మాకు బాయి తవ్వుతారు? పక్కిండ్లోళ్లు అడుగుతాండారు. వాళ్ల పిల్లోనికి కూడా కాళ్లు వంగుతాండాయి. నీకు ఇబ్బందయితే చెప్పొద్దులే. ఊరికే అడిగినా."

నేను జవాబు రాశాను. ఆరోగ్యం జాగ్రత్త అని రాశాను. బావి గురించి ఒక్క మాట రాయలేదు. ఆమె మళ్లీ అడగలేదు. సీసా మాత్రం సమయానికి వచ్చింది.

ఆ ఎండాకాలం ఆమె చెలమ దగ్గర పడింది. వెన్ను వంగని మనిషి, ఇసుక గట్టు దిగుతూ తమాయించుకోలేకపోయింది. తుంటి ఎముక విరిగింది. కడప ఆసుపత్రిలో ఎముకలు గాజులాగా ఉన్నాయన్నారట. ఇంటికి తెచ్చి మంచం మీద వేశారు. నేను పోయేసరికి మాట్లాడుతోంది. పాప పక్కన కూర్చుని ఆమెకు నీళ్లు తాగిస్తోంది. ఏ కుండలోవో నేను అడగలేదు. పన్నెండు రోజులకు పోయింది. ఆమెకు నలభై నిండలేదు.

కర్మలు అయినాక నేను తిరుగు ప్రయాణమవుతుంటే బావ బస్సు దాకా వచ్చాడు. పాప బండిలో కూర్చుంది. బస్సు రావడం ఆలస్యమైంది. ఆయన ఎప్పటిలాగా ఏదైనా ఎగతాళి చేస్తాడేమోనని చూశాను.

"ఇంగ సీసాలు పంపాల్సిన పన్లేదు గదప్పా?" అన్నాడు.

"లేదు బావా."

"పాప చీటీ రాసి పంపుతాదంట. దానికి చదువొచ్చు గదా. అమ్మ అడిగిందని చెప్తాండాది, మానొద్దని."

"వద్దని చెప్పు బావా."

ఆయన తల ఊపాడు. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఆ ఊరి బావి నీళ్లు ఇప్పుడు ఎవరూ పరీక్షించడం లేదు.